బిళ్ళకు బీమా ఉందా?

ఆపరేషన్‌కు లక్షలిచ్చే పాలసీ నెలనెలా వేసుకునే మందుల దగ్గర చేయి ఎందుకు ముడుచుకుంటుంది? పాలసీ కొనేవాళ్లు మందుల గురించి అడగాల్సినవేంటి?

మా మేనత్త ఇంట్లో ఒక రేకు డబ్బా ఉంది. ఎప్పటిదో బిస్కెట్ల డబ్బా, మూత మీది గులాబీ బొమ్మ సగం చెరిగిపోయింది. అందులో ఇప్పుడు బిస్కెట్లు లేవు, బిళ్ళలున్నాయి. పరగడుపున వేసుకునే థైరాయిడ్ బిళ్ళల సీసా, టిఫిన్‌తో వేసుకునే షుగర్ బిళ్ళ, ఆ తర్వాత బీపీ బిళ్ళ, పడుకోబోయే ముందు కొలెస్ట్రాల్ బిళ్ళ. కత్తెరతో కత్తిరించిన షీట్ల ముక్కలు, రబ్బరు బ్యాండు చుట్టిన మందుల చీటీలు. నిరుడు మోకీలు మార్పిడి చేయించుకున్నాక ఆ డబ్బాకు మూత పట్టడం మానేసింది.

ఆపరేషన్ డబ్బులు బీమా కంపెనీ నేరుగా ఆస్పత్రికి కట్టేసింది. ఇంటికొచ్చాక వాడిన మందుల బిల్లులన్నీ పోగేసి నేనే పంపాను. మొత్తం 11,460 రూపాయలు. నెల తిరక్కుండానే బ్యాంకులో 6,135 పడ్డాయి. దాని వెంట ఒక సెటిల్‌మెంట్ లెటర్, అందులో వరసగా కోతలు. అత్త కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఒరేయ్, కాలు కోయించుకుంటే లక్షలిచ్చినవాళ్లు బిళ్ళలకు వేలు ఇవ్వడానికి ఏడుస్తారేంట్రా?" అంది.

జవాబు చెప్పడానికి పాలసీ పత్రం తీశాను. కొన్న ఆరేళ్లకు మొదటిసారి చదవడం అది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన బిళ్ళలు, యాంటీబయాటిక్, నొప్పి మాత్రలు, వాటితోపాటు గ్యాస్ బిళ్ళ, వీటన్నిటికీ డబ్బులు వచ్చాయి. అదే బిల్లులో కలిసిపోయిన థైరాయిడ్, షుగర్, బీపీ మందుల 2,870 రూపాయలు పోయాయి. మోకాలి పట్టీ 700 పోయింది. మెడికల్ షాపతను మంచిదని అంటగట్టిన ప్రొటీన్ పొడి 640 పోయింది. చివరగా 1,115 రూపాయల బిల్లొకటి. అందులో ఉన్నవన్నీ మోకాలి మందులే, డాక్టరు చీటీ కూడా ఉంది. అయినా పైసా రాలేదు. ఆ బిల్లు తారీఖు డిశ్చార్జి అయిన 63వ రోజు.

"అరవయ్యో రోజున వానరా, వెళ్లలేకపోయాను. ముందురోజూ వానే. లేకపోతే 60 లోపే తెచ్చుకునేదాన్ని" అంది అత్త.

కంపెనీ పొరపాటు పట్టుకుందామని కూర్చున్న నాకు ఒక్కటీ దొరకలేదు. కోసిన ప్రతి రూపాయికీ పాలసీలో ఒక వాక్యముంది. మేం చదవలేదు, అంతే.

మందు కాదు, తారీఖు ముఖ్యం

మన దేశంలో ఆరోగ్య బీమా అని అమ్ముతున్నది చాలావరకు ఆస్పత్రి బీమా. కనీసం 24 గంటలు ఆస్పత్రిలో చేరి ఉండాలి, లేదా డయాలసిస్, కీమోథెరపీ, కంటిశుక్లం లాంటి డేకేర్ చికిత్స అయి ఉండాలి. పాలసీ తలుపు తెరుచుకునేది ఈ రెండు దారుల్లోనే. ఒకసారి తెరుచుకున్నాక లోపల ఇచ్చే మందుల ఖర్చు చికిత్స బిల్లులో భాగమైపోతుంది. అసలు పేచీ బయట కొన్న మందుల దగ్గర వస్తుంది.

దానికోసం పాలసీలో రెండు అంకెలుంటాయి. చేరడానికి ముందు ఎన్ని రోజులు, ఇంటికెళ్లాక ఎన్ని రోజులు. 2020 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఒకే నిబంధనలతో అమ్ముతున్న 'ఆరోగ్య సంజీవని' పాలసీలో ఇవి 30, 60. కాస్త ఖరీదైన పాలసీల్లో 60, 90 ఉంటాయి, కొన్నిట్లో ఇంటికెళ్లాక 180 రోజులు కూడా ఉంటాయి. పాలసీలు పోల్చుకునేటప్పుడు అందరి కళ్లూ బీమా మొత్తం మీదా ప్రీమియం మీదా ఉంటాయి గానీ, ఈ రెండో అంకెను అడిగేవాళ్లు తక్కువ. గుండెకు స్టెంటు వేయించుకున్నవాళ్లకు రక్తం పలచబడే మందులు మామూలుగా నెలల తరబడి ఉంటాయి. అక్కడ 60కీ 180కీ తేడా అంటే నాలుగు నెలల మందులు.

ఈ రోజుల లోపల కూడా ఏ జబ్బుకు చేరారో ఆ జబ్బు మందులకే డబ్బులిస్తారు. అత్త షుగర్ బిళ్ళలు పోయింది ఈ వాక్యం కిందే. మోకాలికీ మెట్‌ఫార్మిన్‌కూ సంబంధం లేదన్నారు. నిజమే, లేదు. అందుకే ఇప్పుడు నేను తెలిసిన వాళ్లందరికీ చెప్పే మొదటి సంగతి ఇది: ఆస్పత్రి నుంచి వచ్చాక మెడికల్ షాపులో రెండు బిల్లులు వేయించుకోండి. ఆపరేషన్ మందులకొకటి, రోజువారీ మందులకొకటి. షాపు కుర్రాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. ప్రతి బిల్లుకూ దాని చీటీ జతచేయండి, బిల్లు మీద రోగి పేరు, తారీఖు, బ్యాచి నంబరు ఉన్నాయో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి. ఆరోగ్య సంజీవని లెక్కన ఇంటికొచ్చాక వాడిన మందుల బిల్లుల్ని ఆ 60 రోజులు పూర్తయిన 15 రోజుల్లోగా పంపాలి.

విటమిన్లు, ఖనిజాల సంగతి వేరు. చీటీ లేకుండా షాపులో దొరికేవాటిని పాలసీలన్నీ పక్కన పెడతాయి. అయితే చేరిన జబ్బుకు చికిత్సలో భాగంగా డాక్టరు రాసిస్తే ఇవ్వాలి. అత్త క్యాల్షియం బిళ్ళలు పాసయ్యాయి, ప్రొటీన్ పొడి కాలేదు. మొదటిది చీటీ మీదుంది, రెండోది షాపతని నోట్లో ఉంది.

68 వస్తువుల జాబితా

ఆస్పత్రి లోపల కూడా ఫార్మసీ బిల్లు అంతా మందులే అనుకోకూడదు. చెల్లించనక్కర్లేని వస్తువులంటూ ప్రామాణికమైన జాబితా ఒకటుంది. అందులో 68 పేర్లున్నాయి. గ్లౌజులు, మాస్కు, డయాపర్లు, క్రేప్ బ్యాండేజి, థర్మామీటరు, ఈసీజీ ఎలక్ట్రోడ్లు, షుగర్ ఫ్రీ మాత్రలు, మోకాలి పట్టీ. ఒక్కొక్కటీ చూస్తే చిల్లర ఖర్చే. కానీ ఐసీయూలో పది రోజులున్న మనిషికి పూటపూటకూ గ్లౌజులు మారుస్తుంటే ఆ చిల్లరే వేలల్లోకి వెళ్తుంది. క్యాష్‌లెస్ అని నిశ్చింతగా ఉన్నవాళ్లు డిశ్చార్జి రోజు బిల్లింగ్ కౌంటరు దగ్గర జేబులు తడుముకునేది ఎక్కువగా ఈ పద్దు కిందే. కొద్దిపాటి అదనపు ప్రీమియంతో 'కన్స్యూమబుల్స్' కవరు ఇప్పుడు చాలా కంపెనీలు ఇస్తున్నాయి. ఇల్లంతా పెద్దవాళ్లున్న కుటుంబమైతే నా ఓటు దానికే.

చిట్టీ లెక్క

మరి నెలనెలా వేసుకునే బిళ్ళలకు ఇచ్చే పాలసీలే లేవా? ఉన్నాయి. ఓపీడీ కవరు, ఓపీడీ రైడరు అంటారు. డాక్టరు ఫీజు, పరీక్షలు, మందులు ఏడాదికి అయిదు వేలనో పది వేలనో ఒక పరిమితి దాకా ఇస్తారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చిట్టీని గుర్తు తెచ్చుకుందాం. చిట్టీలో సభ్యులందరికీ ఎప్పుడో ఒకప్పుడు పాట వస్తుంది. ఎవరి డబ్బు వాళ్లకే తిరిగొస్తుంది, మధ్యలో నిర్వాహకుడి కమిషను పోతుంది. బీమా అలా కాదు. వందమంది కడితే జబ్బుపడ్డ ఇద్దరికో ముగ్గురికో పెద్ద మొత్తం వెళ్తుంది, మిగతావాళ్లకు ఏమీ రాదు. రాకపోవడమే వాళ్ల అదృష్టం. ఎవరికొస్తుందో ముందుగా తెలియకపోవడమే బీమాకు ఆయువుపట్టు. బీపీ బిళ్ళ విషయంలో తెలియనిదేముంది? మా అత్తకు నెలకు 2,500 రూపాయల మందులు కావాలి. ఈ నెల కావాలి, వచ్చే నెలా కావాలి. ఏడాదికి 30 వేలు, తప్పదు. అంత ఖాయమైన ఖర్చును కంపెనీ మోయాలంటే ఆ 30 వేలూ, పైన తన ఖర్చూ లాభమూ కలిపి ప్రీమియంలోనే వసూలు చేయాలి. అప్పుడది చిట్టీ అవుతుంది. అది కూడా మీకు ఎప్పటికీ లాభం రాని చిట్టీ.

కాబట్టి ఓపీడీ రైడరు కొనేముందు కాగితం మీద రెండంకెలు వేసుకోండి. దానికి అదనంగా కట్టే ప్రీమియం ఎంత, దాన్నుంచి మందులకు ఏడాదిలో గరిష్ఠంగా వచ్చేది ఎంత. ఏడు వేలు కట్టి పది వేలు తెచ్చుకునే చోట కూడా ఆ పది వేలలో మందుల వాటా విడిగా ఎంతో చూడాలి. కొన్నిట్లో మందులకు వేరే ఉపపరిమితి ఉంటుంది. కొన్నిట్లో కంపెనీ యాప్ ద్వారా, వాళ్ల ఒప్పందం ఉన్న ఫార్మసీలోనే కొనాలి. మా ఊరి మెడికల్ షాపుకు అలాంటి ఒప్పందాలేమీ లేవు. కంపెనీ ఉద్యోగులకు యాజమాన్యం తీసుకునే గ్రూపు పాలసీలో ఓపీడీ ఉంటే మాత్రం కళ్లు మూసుకుని వాడుకోవచ్చు. కాకపోతే ఆ కవరు ఉద్యోగంతోపాటే పోతుందన్నది గుర్తుండాలి.

ఓపీడీతో తికమకపెట్టే మాట ఇంకొకటుంది, డొమిసిలియరీ. అత్తకు పాలసీ అమ్మినాయన "ఇంట్లో వాడే మందులకు కూడా వస్తుందమ్మా, డొమిసిలియరీ ఉందిగా" అన్నాడట. ఆ మాటకు అర్థం వేరు. ఆస్పత్రిలో చేర్చాల్సినంత జబ్బే అయ్యుండి, రోగిని కదిలించలేకో పడక దొరక్కో ఇంట్లోనే వైద్యం చేయించాల్సి వస్తే ఇచ్చేది అది. అదీ మూడు రోజులు దాటితేనే. ఉబ్బసం, షుగర్, బీపీ, మూర్ఛ లాంటి జబ్బుల్ని ఆ నిబంధన కింద పేరుపేరునా తీసేస్తారు. అంటే ఇళ్లలో రోజూ మందులు మింగేవాళ్ల జబ్బులే ఇంటి వైద్యం కవరులో ఉండవు.

అసలు భయపడాల్సిన మందులు వేరే

ఇంతకీ ఈ కథనం రాయాలనిపించింది బీపీ బిళ్ళల కోసం కాదు. మనుషుల్ని అప్పుల్లోకి దింపే మందులు వేరే ఉన్నాయి. పాలసీ ఎంచుకునేటప్పుడు చూడాల్సింది వాటిని.

రొమ్ము క్యాన్సర్లో ఒక రకానికి ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ ఇస్తారు. సాధారణంగా మూడు వారాలకొకటి చొప్పున ఏడాదిపాటు. ఇది మోనోక్లోనల్ యాంటీబాడీల కోవకు చెందిన మందు. ఇలాంటి మందుల్నీ, నోటిద్వారా ఇచ్చే కీమోథెరపీనీ, షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్లకు కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లనీ ఒకప్పుడు కంపెనీలు ఏదో ఒక వంకతో తిప్పికొట్టేవి. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇలాంటి 12 ఆధునిక చికిత్సల జాబితా ఇచ్చి, వీటిని పాలసీ నుంచి తీసేయకూడదని చెప్పింది. అయితే పరిమితి పెట్టుకోవచ్చంది. మెలిక అక్కడుంది.

ఆరోగ్య సంజీవనిలో ఆ పరిమితి బీమా మొత్తంలో సగం. పది లక్షల పాలసీ ఉందని ధైర్యంగా ఉన్న మనిషికి ఇమ్యునోథెరపీ దగ్గర చేతిలో ఉండేది అయిదు లక్షలే. వేరే పాలసీల్లో ఇది లక్ష కావచ్చు, రెండు లక్షలు కావచ్చు, అసలు పరిమితే లేకపోవచ్చు. పాలసీ పత్రంలో 'మోడరన్ ట్రీట్‌మెంట్' అన్న పట్టిక వెతకండి. ఆ ఒక్క పట్టిక చూసి నేను రెండు పాలసీల మధ్య మనసు మార్చుకున్నాను. ప్రీమియం తేడా ఏడాదికి 1,800 రూపాయలు మాత్రమే.

రెండో మెలిక ఇంకా సూక్ష్మం. ఆరోగ్య సంజీవనిలో ఈ చికిత్సలు 'ఇన్‌పేషెంటుగా గానీ, ఆస్పత్రిలో డేకేర్‌గా గానీ' అయితే చెల్లిస్తామని రాసి ఉంటుంది. క్యాన్సర్ మందులు ఇప్పుడు బిళ్ళల రూపంలో చాలా వచ్చాయి. ఒక రకం రక్త క్యాన్సర్‌కు వాడే ఇమాటినిబ్ అలాంటిదే. గ్లివెక్ పేరుతో పేటెంటు కావాలని నోవార్టిస్ పోరాడితే 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కాదన్నది ఈ మందు కేసులోనే. ఆ తీర్పుతో మన దేశంలో జెనరిక్‌లకు దారి సాఫీగా నిలిచింది. ఈ బిళ్ళను రోగి ఇంట్లో కూర్చుని అన్నం తిన్నాక వేసుకుంటాడు. దానికి ఆస్పత్రి పడక అక్కర్లేదు. పడక లేకపోతే పాలసీ తలుపు తెరుచుకోదు. రొమ్ము క్యాన్సర్ తగ్గాక అయిదేళ్లపాటు రోజూ వేసుకునే హార్మోను బిళ్ళలది, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు బతికున్నంతకాలం వేసుకోవాల్సిన టాక్రోలిమస్‌ది కూడా ఇదే కథ. మార్పిడికి లక్షలు ఇస్తారు. ఆ కిడ్నీని శరీరం తోసేయకుండా కాపాడే బిళ్ళకు 60 రోజులో 90 రోజులో ఇచ్చి ఊరుకుంటారు.

అందుకని కొనేముందు కంపెనీకి ఒక ఈమెయిల్ పెట్టండి: నోటిద్వారా తీసుకునే కీమో మందును ఆస్పత్రిలో చేరకుండా ఇంట్లో వాడితే చెల్లిస్తారా, ఏడాదికి ఎంతదాకా? జవాబు రాతపూర్వకంగా తెప్పించుకుని దాచుకోండి. ఏజెంటు ఫోన్లో చెప్పినది క్లెయిము రోజున ఎవరికీ వినపడదు. కుటుంబంలో క్యాన్సర్ ఉన్నవాళ్లయితే జబ్బు నిర్ధారణ కాగానే ఒకేసారి మొత్తం చేతికిచ్చే క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ విడిగా తీసుకోవడం మేలు. ఆ డబ్బుతో బిళ్ళ కొన్నారా, బియ్యం కొన్నారా అని ఎవరూ అడగరు.

చీటీ చెప్పే నిజం

మా కాలనీలో ఒకాయన పాలసీ తీసుకునేటప్పుడు షుగర్ సంగతి ఫారంలో రాయలేదు. రాస్తే ప్రీమియం పెరుగుతుందన్నారట. రెండేళ్లకు ఛాతీ నొప్పితో ఆస్పత్రిలో చేరాడు. డ్యూటీ డాక్టరు అడిగితే ఆయనే చెప్పాడు, పదేళ్లుగా బిళ్ళలు వాడుతున్నానని. ఆ యువ డాక్టరు కేస్‌షీటులో 'కె/సి/ఓ డీఎం, 10 ఇయర్స్' అని గీకాడు. పదేళ్లుగా మధుమేహమున్న రోగి అని ఆ అక్షరాలకు అర్థం. క్లెయిము ఆ ఒక్క గీతతో పోయింది, ఆ తర్వాత పాలసీయే రద్దయింది.

బిళ్ళల డబ్బాలో ఉన్నదంతా ప్రపోజల్ ఫారంలో ఉండాలి. థైరాయిడ్ కూడా. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ మూడేళ్లకు మించకూడదు. అంతకుముందు నాలుగేళ్లుండేది. అయిదేళ్లు వరసగా పాలసీ నడిపాక, మోసమని రుజువైతే తప్ప, ఫలానాది దాచారని క్లెయిము తోసిపుచ్చడానికి వీల్లేదు. అంతకుముందు ఆ గడువు ఎనిమిదేళ్లు. నిజం చెప్పి మూడేళ్లు ఆగడమా, దాచిపెట్టి అయిదేళ్లు భయపడుతూ గడపడమా అన్నది పెద్ద లెక్కేం కాదు. పాలసీ తీసుకోకపోవడానికి జీఎస్టీ సాకు కూడా ఇప్పుడు లేదు. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద ఉన్న 18 శాతం పన్నును 2025 సెప్టెంబరు 22 నుంచి పూర్తిగా ఎత్తేశారు. అదేరోజు నుంచి చాలా మందుల మీద 12 శాతం పన్ను 5కు దిగింది.

సర్కారు చీటీ

ప్రైవేటు పాలసీలు ఎగ్గొట్టే పనిని పూర్తిగా చేసే వ్యవస్థ ఒకటి మన కళ్లముందే ఉంది. ఈఎస్‌ఐ. నెలకు 21 వేల దాకా జీతమున్న కార్మికుడు జీతంలో 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడితే, కుటుంబం మొత్తానికి డిస్పెన్సరీలో మందులు ఉచితం. చేరక్కర్లేదు, 24 గంటలు అక్కర్లేదు. మందులు లేవని తిప్పి పంపే రోజులుంటాయన్నది ఆ వరసల్లో నిలబడ్డవాళ్లందరికీ తెలుసు. అయినా సూత్రంగా చూస్తే బిళ్ళకు బీమా అంటే అదే. జీతం 21 వేలు దాటితే ఆ హక్కు పోతుంది.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ కూడా ప్రధానంగా ఆస్పత్రి చికిత్సదే. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని పది లక్షలు చేశారు, ఆంధ్రలో ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. ఆయుష్మాన్ భారత్‌లో డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు ప్యాకేజీలో కలిసే ఉంటాయి. బీపీ, షుగర్ బిళ్ళలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, హైదరాబాద్‌లో అయితే బస్తీ దవాఖానాలు ఉన్నాయి. అక్కడ గోళీలు ఉచితం. మధ్యతరగతి ఆ గడప తొక్కడానికి మొహమాటపడుతుంది, ఎందుకో మరి.

సూట్‌కేసులో మందుల సంచి

అమెరికా వెళ్లే తల్లిదండ్రుల సూట్‌కేసులో ఆవకాయ సీసా పక్కన మందుల సంచి తప్పనిసరి. ప్రయాణ బీమా ముందునుంచీ ఉన్న జబ్బుల రోజువారీ మందులకు ఇవ్వదు, అక్కడ ఆ బిళ్ళ ధర వింటే గుండె ఆగుతుంది. సొంత వాడకానికి మూడు నెలలకు మించకుండా తెచ్చుకోవాలన్నది అక్కడి ఎఫ్‌డీఏ సాధారణంగా చెప్పే మాట. మందులు అసలు ప్యాకింగులోనే ఉండాలి, డాక్టరు చీటీ వెంట ఉండాలి.

పిల్లల దగ్గరే స్థిరపడ్డవాళ్లది మరో ప్రపంచం. 65 నిండి, గ్రీన్‌కార్డుతో అయిదేళ్లు వరసగా అక్కడ ఉన్నాక మెడికేర్‌లో చేరొచ్చు. అందులో మందులకంటూ విడిగా 'పార్ట్ డి' ఉంది, 2006 నుంచి. అక్కడ ప్రశ్న తారీఖు కాదు, జాబితా. ప్రతి ప్లానుకూ 'ఫార్ములరీ' అని సొంత మందుల పట్టిక ఉంటుంది, అందులో మెట్లుంటాయి. జెనరిక్‌లు కింది మెట్టు మీద, ఖరీదైనవి పై మెట్టు మీద. ఒకే బిళ్ళకు ఒక ప్లానులో అయిదు డాలర్లు, ఇంకో ప్లానులో యాభై కావచ్చు. కొన్ని మందులకు కంపెనీ ముందస్తు అనుమతి కావాలి. కొన్నిటికి ముందు చవక మందు వాడి గుణం రాలేదని తేలాలి. ఈ పట్టిక ఏటా మారుతుంది కాబట్టి అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 లోపు అమ్మానాన్నల బిళ్ళల డబ్బా ముందు పెట్టుకుని, ఒక్కొక్క మందు పేరూ మోతాదూ మెడికేర్ వెబ్‌సైటులో కొట్టి చూసుకోవాలి. 2025 నుంచి ఒక మంచి మార్పు వచ్చింది. పట్టికలో ఉన్న మందులకు రోగి జేబులోంచి ఏడాదికి 2,000 డాలర్లు దాటితే ఆపైన కట్టక్కర్లేదు. 2026కు ఆ అంకె 2,100. చేరడం ఆలస్యం చేస్తే మాత్రం నెలకు ఒక శాతం చొప్పున జరిమానా ప్రీమియంలో కలిసి వెంట వస్తూనే ఉంటుంది.

మనకు ఫార్ములరీల గొడవ లేదు. పడకలో ఉన్నంతసేపు డాక్టరు రాసిన మందు రాసినట్టే వస్తుంది. వాళ్లకు పడక గొడవ లేదు. రెండూ లేని దేశంలో పుట్టి ఉంటే బాగుండేదని అత్త అభిప్రాయం.

డబ్బా బరువు తగ్గించుకోవాలంటే

ప్రపంచం మింగే బిళ్ళల్లో ఎన్ని మన హైదరాబాద్ శివార్లలోనో, విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలోనో పుట్టినవో చెప్పలేం. 1961లో ఏర్పడ్డ ఐడీపీఎల్ బాలానగర్‌లో పెట్టిన ప్లాంటు హైదరాబాద్‌కు మందుల తయారీ నేర్పింది. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో పెట్టిన డాక్టర్ రెడ్డీస్ 2007లో రిటుక్సిమాబ్‌కు చవక రూపాన్ని తెచ్చింది. అదే మోనోక్లోనల్ కోవ మందు. ఇంత జరిగే చోట బిళ్ళ ఖర్చుకు భయపడటం ఏమిటనిపిస్తుంది. తయారీ ధరకూ షీటు మీది ఎంఆర్‌పీకీ మధ్య ఉన్నది బ్రాండు పేరు. 2008లో మొదలైన జన ఔషధి దుకాణాలు ఇప్పుడు దేశంలో 15 వేలు దాటాయి. అక్కడ బ్రాండు మందుకన్నా సగం నుంచి 80 శాతం దాకా తక్కువకు దొరుకుతాయి. పేటెంటు తీరిన మందులు అన్ని షాపుల్లోనూ దిగొస్తాయి. 2025 మార్చిలో షుగర్ మందు ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు ముగియగానే పదుల బ్రాండ్లు చవగ్గా దిగాయి. మీ చీటీ పాతదైతే డాక్టరును ఒక మాట అడగండి. సొంతంగా మాత్రం మార్చకండి, థైరాయిడ్, మూర్ఛ, మార్పిడి మందుల విషయంలో అసలే వద్దు.

అత్త డబ్బాలో థైరాయిడ్ సీసా పాతదే. మిగతావి డాక్టరుకు చూపించి జన ఔషధికి మార్చాం. నెలకు 2,500 అయ్యేది ఇప్పుడు 900 చిల్లర. ఏడాదికి మిగిలేది మామూలు ఓపీడీ రైడరు ఇచ్చేది కాదు. పాత పన్ను విధానంలో ఉన్న అరవై దాటినవాళ్లకు ఆరోగ్య బీమా లేకపోతే, నగదుగా కాకుండా కట్టిన వైద్య ఖర్చుల మీద ఏడాదికి 50 వేల దాకా మినహాయింపు కూడా ఉంది. కాబట్టి మందుల బిల్లులు పారేయొద్దు.

అన్యాయంగా కోశారనిపిస్తే ముందు కంపెనీకి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. హైదరాబాద్‌లో కార్యాలయం ఉంది, రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు వింటారు. ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల నంబరు 155255.

ఇక పాలసీ చదవడానికి ఇంగ్లిషు అడ్డమనుకునేవాళ్లకు ఒక మాట. 2024 జనవరి నుంచి ప్రతి కంపెనీ పాలసీతోపాటు 'కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్' ఇవ్వాలి. ముందెన్ని రోజులు, తర్వాతెన్ని రోజులు, దేనికెంత పరిమితి, ఏవి ఇవ్వరు, అన్నీ అందులోనే ఉంటాయి. కోరితే దాన్ని స్థానిక భాషలో ఇవ్వాలన్నది నిబంధన. పాలసీ చేతికందాక నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయడానికి 30 రోజుల గడువుంది. ఆ షీటు తెలుగులో కావాలని మొదటి రోజే అడగండి.